నడిచొచ్చి అడిగే దానం: ఇచ్చే చెయ్యి లెక్క కూడా అడగాలి

నడుచుకుంటూ వచ్చిన మనిషికి మన ఊళ్లల్లో లేదు అని చెప్పి పంపే అలవాటు లేదు. భుజానికి బ్యాగు, చేతిలో జెండా, మెడలో 'కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా' అని రాసిన బోర్డు. కిడ్నీ పేషంట్ల కోసమనో, అనాథ పిల్లల చదువుల కోసమనో, ఒక మదర్సా బిల్డింగు కోసమనో దేశమంతా నడుస్తున్న యువకులు ఈ మధ్య ఎక్కువయ్యారు. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద హాజీపూర్ చౌరస్తా దగ్గర అలాంటి ఒకరు ఆగితే అచ్చంపేటలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. చాయ్ వస్తుంది, ఫొటో దిగుతారు, ఎవరో ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో వీడియో తిరుగుతుంది. ఆ తర్వాత ఆ పైసలు ఎక్కడికి పోయాయని అడిగేవాళ్లు తక్కువ.

అనుమానంతో చెయ్యి ముడుచుకోవాలని దీని అర్థం కాదు. నడిచి దానం అడగడం ఈ దేశంలో కొత్త కూడా కాదు. దాని అతి పెద్ద ఉదాహరణ ఈ దక్షిణ తెలంగాణలోనే, పాత నల్గొండ జిల్లాలోనే మొదలైంది. అది ఎలా గెలిచిందో, ఎక్కడ ఓడిపోయిందో చూస్తే ఈ రోజు మనం ఏం అడగాలో తెలుస్తుంది.

పోచంపల్లిలో మొదలైన నడక

1951. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి మూడేళ్లు కూడా నిండలేదు. నల్గొండ, వరంగల్ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా పూర్తిగా ఆగలేదు. భూమి దొరల చేతుల్లో ఉంది, దున్నేవాడి చేతిలో లేదు. ఆ సమయంలో ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అది అయిపోయాక నల్గొండ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు.

అక్కడి దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు ఉంటే బతుకుతామని చెప్పాయి. సర్కారును అడిగి చూస్తానని చెప్పి ఊరుకోకుండా, ఊరివాళ్లలో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లా పుట్టింది. ఆ ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది.

ఆ తర్వాత వినోబా ఆగలేదు. తెలంగాణలో 51 రోజుల నడకలో సుమారు 12 వేల ఎకరాలు దానంగా వచ్చాయి. అక్కడి నుంచి దేశమంతా, 1951 నుంచి 1964 దాకా, దాదాపు 13 ఏళ్లు నడిచారు. ప్రతి భూస్వామినీ తనను ఇంకో కొడుకుగా అనుకొని ఆరో వంతు భూమి ఇమ్మని అడిగారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కూడా తన సొంత భూముల్లోంచి భూదానానికి ఇచ్చారు.

మన పాఠకులకు ఇందులో ఇంకో దగ్గరితనం కూడా ఉంది. వినోబా అరబ్బీ నేర్చుకుని కుర్ఆన్ చదివిన మనిషి. దేశ విభజన తర్వాత మేవాత్‌లో మేవ్ ముస్లింలను మళ్లీ వాళ్ల ఊళ్లల్లో నిలబెట్టే పని చేశారు. కుర్ఆన్ నుంచి ఎంచిన భాగాలతో 'రూహుల్ కుర్ఆన్' తయారు చేశారు. 1962 సెప్టెంబరులో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో కూడా నడిచారు, అక్కడ కూడా భూమి దానంగా వచ్చింది. సరిహద్దు దాటి, మతం దాటి ఒక నడక మీద జనం ఎంత నమ్మకం పెట్టగలరో చెప్పడానికి ఇది చాలు.

వచ్చింది ఎంత, చేరింది ఎంత

ఇప్పుడు లెక్క చూద్దాం. 1957 నాటికి 5 కోట్ల ఎకరాలు కావాలని వినోబా లక్ష్యం పెట్టారు. చివరికి దేశవ్యాప్తంగా వచ్చింది సుమారు 42 లక్షల ఎకరాలు. లక్ష్యంలో పదో వంతు కంటే తక్కువే. అయినా తుపాకీ లేకుండా, చట్టం లేకుండా, కేవలం నడిచి అడిగితే 42 లక్షల ఎకరాలు రావడం చిన్న సంగతి కాదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. 1970ల మొదటి నాటికి అందులో పేదలకు పంచింది దాదాపు మూడో వంతే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం గుట్టలు, రాళ్లు, నదీ గర్భాలు, కోర్టు తగాదాల్లో ఉన్న భూములు. కొందరు సీలింగ్ చట్టం వస్తుందన్న భయంతో పనికిరాని నేల రాసిచ్చారు. కొందరి దానపత్రాల్లో సర్వే నంబర్లు సరిగా లేవు. కొన్నిచోట్ల తండ్రి ఇచ్చాడు, కొడుకులు కాదన్నారు. కొన్నిచోట్ల పేదవాడి చేతికి పట్టా కాగితం వచ్చింది, నేల మాత్రం పాత యజమాని దున్నుకుంటూనే ఉన్నాడు.

తప్పు నడకలో లేదు. నడక చాలా వేగంగా వెళ్లింది, కాగితం వెనక పడిపోయింది. ఈ రోజు ఒక ఊరు, రేపు ఇంకో ఊరు. దానం ప్రకటించిన రోజు చప్పట్లు, మరునాడు ఆ నేలను కొలిచి, సరిహద్దు రాళ్లు పాతి, రికార్డులో ఎక్కించే మనిషి లేడు. ఆంధ్రప్రదేశ్‌లో భూదాన్, గ్రామదాన్ చట్టం వచ్చేసరికి 1965 అయింది. అంటే మొదటి దానం జరిగిన 14 ఏళ్లకు.

ఆ ఆలస్యానికి మూల్యం ఈ రోజు కూడా కడుతున్నాం. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలం నాగారంలోని భూదాన్ భూముల వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో ఆ కేసులో ఈడీ హైదరాబాద్‌లో సోదాలు చేసింది. పేదవాడి కోసం ఇచ్చిన నేల చేతులు మారి, ప్లాట్లై, కోట్ల రియల్ ఎస్టేట్ అయిందన్నది ఆరోపణ. తీర్పు ఎలా వచ్చినా ఒక మాట మాత్రం ఖాయం. నలుగురి ముందు నోటితో ఇచ్చిన దానం గొప్పగా ఉంటుంది గానీ, రికార్డు లేకపోతే అది తర్వాతి తరానికి చేరదు.

వక్ఫ్ విషయంలో ముస్లిం కుటుంబాలకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. తాతల కాలంలో అల్లాహ్ పేరు మీద ఇచ్చిన భూములకు పేపర్లు వెతుక్కోవడం 2025లో ఎంత కష్టమైందో ముతవల్లీలను, మసీదు కమిటీలను అడిగితే తెలుస్తుంది. కొత్త వక్ఫ్ సవరణ చట్టం కింద జూన్ 6న మొదలైన ఉమీద్ పోర్టల్‌లో ఆరు నెలల్లో వివరాలు ఎక్కించాలన్నారు. ఇచ్చినవాడి నియ్యత్ మీద ఎవరికీ అనుమానం లేదు. ప్రశ్న అంతా కాగితం మీదనే. భూదాన్ అయినా, వక్ఫ్ అయినా, రేపు రోడ్డు మీద నడిచొచ్చే వాలంటీర్ అయినా సూత్రం ఒకటే.

నడక ఎందుకు నమ్మిస్తుంది

పాలమూరు మనిషికి నడక అంటే ఏమిటో బాగా తెలుసు. ఇక్కడి నుంచి కూలి కోసం పోయిన తరాలు ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో 44వ నంబరు జాతీయ రహదారి మీద పిల్లల్ని చంకనేసుకుని నడిచిన వలస కుటుంబాలను ఈ జిల్లా చూసింది. అచ్చంపేట ప్రాంతంలో నడక భక్తికీ గుర్తే. నల్లమలలో సలేశ్వరం జాతరకు జనం గుట్టలు దిగి నడుస్తారు. రంగాపూర్‌లో నిరంజన్ షావలి దర్గా ఉర్సుకు ముస్లింలతో పాటు హిందువులూ వస్తారు. రాజకీయం కూడా ఈ సంగతి ఎరుగు. 2021 ఫిబ్రవరిలో రైతు చట్టాలకు వ్యతిరేకంగా రేవంత్ రెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది అచ్చంపేట సభ నుంచే. 2022 సెప్టెంబరు 7న కన్యాకుమారిలో మొదలైన రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర కూడా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ వైపు నుంచే తెలంగాణలోకి వచ్చింది.

మతపరంగా చూసినా అంతే. కేరళ మలప్పురం జిల్లాకు చెందిన శిహాబ్ చోట్టూర్ 2022 జూన్ 2న హజ్ కోసం మక్కాకు నడక మొదలుపెట్టినప్పుడు దారి పొడవునా వేల మంది వచ్చి చూశారు. కాళ్లతో కష్టపడే మనిషిని చూస్తే మనసు కరుగుతుంది. కారులో వచ్చి చందా అడిగేవాడిని నాలుగు ప్రశ్నలు వేస్తాం, కాళ్లకు బొబ్బలెక్కినవాడిని అడగడానికి సిగ్గుపడతాం.

ఇక్కడే జాగ్రత్త కావాలి. కాలి బొబ్బలు నియ్యత్‌కు సాక్ష్యం కావచ్చు, లెక్కకు సాక్ష్యం కావు. మనిషి నిజాయితీపరుడే అయినా, వెనక ఉన్న సంస్థకు అకౌంటు సరిగా లేకపోతే పైసలు గమ్యం చేరవు. వినోబా నిజాయితీని ఎవరూ శంకించలేదు. అయినా భూమి గల్లంతైంది.

ముసాఫిర్‌కు అన్నం వేరు, యాత్రకు చందా వేరు

రెండు పనులను కలిపి చూడటం వల్లనే గందరగోళం వస్తుంది. దారిన పోయే మనిషికి అన్నం పెట్టడం, మసీదు వసారాలో రాత్రి పడుకోనివ్వడం, చెప్పులు తెగితే కొనివ్వడం, ఇవన్నీ మెహమాన్ నవాజీ. దీనికి రసీదు అక్కర్లేదు, ప్రశ్నలు అక్కర్లేదు. లాక్‌డౌన్‌లో నడిచిపోయిన కూలీలకు గంజి పోసినవాళ్లు ఆధార్ కార్డు అడగలేదు.

'ఫలానా పని కోసం' అని అడిగిన పైసలు మాత్రం అమానత్. ఇచ్చినవాడిది కాదు, తీసుకున్నవాడిది కాదు, చేరాల్సినవాడిది. ఆ అమానత్‌కు లెక్క ఉండాలి.

జకాత్ అయితే ఇంకా జాగ్రత్త. జకాత్ ఎవరికి వెళ్లాలో కుర్ఆన్ ఎనిమిది పద్దులుగా చెప్పింది. అందులో దారిలో చిక్కుకుపోయిన ముసాఫిర్ ఒకరు. కానీ తన ఇష్టంతో ప్రచారం కోసం నడిచేవాడు, ఇల్లు చేరడానికి దారి ఖర్చు లేక చిక్కుకున్నవాడు ఒకటేనా? యాత్ర డీజిల్‌కు, బ్యానర్లకు, కెమెరామన్‌కు జకాత్ సొమ్ము వాడొచ్చా? ఇది ఎవరికి వాళ్లు తేల్చుకునే ప్రశ్న కాదు. దగ్గర్లోని ఆలిమ్‌ను అడిగి, జకాత్ ఏది, సదఖా ఏది అని విడదీసి ఇవ్వడం మంచిది. అడిగేవాళ్ల దగ్గర కూడా రెండింటికి రెండు పద్దులు ఉన్నాయా అని చూడాలి.

ఖర్చు లెక్క ఒకసారి వేసి చూస్తే

కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా సుమారు 4,000 కిలోమీటర్లు అనుకుందాం. రోజుకు 25 కిలోమీటర్లు నడిస్తే 160 రోజులు. వెంట ఒక బండి, డ్రైవరు, ఒక సహాయకుడు, తిండి, డీజిల్, బస కలిపి రోజుకు 3,000 రూపాయలు వేసుకున్నా మొత్తం 4 లక్షల 80 వేలు అవుతుంది. దారిలో 12 లక్షలు వసూలైతే అందులో 40 శాతం యాత్రకే పోయింది. పేషంట్లకు మిగిలింది 7 లక్షల 20 వేలు.

ఇది మోసం కాదు, మామూలు అంకగణితం. యాత్ర ఖర్చును వేరే స్పాన్సరు భరిస్తే పూర్తి 12 లక్షలూ చేరతాయి. భరించకపోతే ఆ సంగతి ముందే చెప్పాలి. కాబట్టి మొదటి ప్రశ్న ఇదే కావాలి: యాత్ర ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేవాళ్లకు ధైర్యంగా ఇవ్వొచ్చు. ప్రశ్న అడిగినందుకే నొచ్చుకునేవాళ్ల దగ్గర కొంచెం ఆగాలి.

వినోబా దగ్గర దీనికి ఒక మంచి పద్ధతి కనిపిస్తుంది. భూమి తర్వాత ఆయన సంపత్తి దానం కూడా అడిగారు. కానీ నగదు తన చేతికి తీసుకోలేదు. ఇచ్చినవాడే ఆ సొమ్మును తన దగ్గర ఉంచుకుని, చెప్పిన మంచి పనికి తానే ఖర్చు పెట్టి, లెక్క పంపాలన్నారు. ఈ రోజుకు దాన్ని మార్చుకుంటే ఇట్లా ఉంటుంది: నడిచే మనిషి ఊరూరా విషయం చెప్పాలి, పైసలు నేరుగా ఆస్పత్రి అకౌంటుకో, స్కూలు ఫీజు అకౌంటుకో, రిజిస్టరైన ట్రస్టు అకౌంటుకో వెళ్లాలి. నడిచేవాడి జేబు మధ్యలో రాకూడదు.

కేరళ ఏం చేసి చూపింది

ఈ పద్ధతి పని చేస్తుందనడానికి ఈ మధ్యే ఒక ఉదాహరణ ఉంది. సౌదీలో మరణశిక్ష పడి 18 ఏళ్లుగా జైల్లో ఉన్న కోళికోడ్ జిల్లా డ్రైవర్ ఒకరిని విడిపించడానికి దియ్యా, అంటే రక్తపరిహారం, కోటీ 50 లక్షల రియాళ్లు కావాల్సి వచ్చింది. మన లెక్కలో సుమారు 34 కోట్ల రూపాయలు. గడువు 2024 ఏప్రిల్ 16. వ్యాపారి బాబీ చెమ్మనూర్ తిరువనంతపురం నుంచి కాసర్‌గోడ్ వైపు 'యాచక యాత్ర' పేరుతో బస్టాండ్లలో, రోడ్ల మీద జనాన్ని అడుగుతూ వెళ్లారు. ప్రపంచమంతా ఉన్న మలయాళీలు ఇచ్చారు. గడువుకు ముందే మొత్తం జమ అయింది. ఆ ఏడాది జులైలో మరణశిక్ష రద్దయింది.

యాత్ర జనం చూపు తిప్పింది, నిజమే. కానీ జనం ధైర్యంగా ఇవ్వడానికి కారణం వేరే ఉంది. ఒక కమిటీ ఉంది. దాని పేరు మీద అకౌంటు ఉంది. ఎంత వచ్చిందో ఎప్పటికప్పుడు ఎవరైనా చూసుకునేలా మొబైల్ యాప్ పెట్టారు. లక్ష్యం నిండగానే ఇక పంపొద్దని ప్రకటించారు. చందా అడిగేవాళ్లు 'ఇక చాలు' అనడం మనం ఎన్నిసార్లు విన్నాం?

తెలంగాణకు ఇది దూరపు కథ కాదు. దుబాయ్ జైల్లో 18 ఏళ్లు గడిపిన సిరిసిల్ల కార్మికులు 2024 ఫిబ్రవరిలో ఇంటికి చేరడం అందరూ చూశారు. గల్ఫ్‌కు మనిషిని పంపిన ప్రతి ఇంటికీ ఇలాంటి అవసరం ఎప్పుడైనా రావచ్చు. ఆ రోజు జనం ముందుకు రావాలంటే ఈ రోజు చందాల మీద నమ్మకం చెడిపోకూడదు.

చట్టం ఏం చెబుతుంది

కొన్ని విషయాలు ఇచ్చేవాళ్లకూ అడిగేవాళ్లకూ తెలిసి ఉండాలి.

ఒకటి, సొంత అకౌంటు. బంధువులు కానివాళ్ల నుంచి ఒక వ్యక్తి సొంత అకౌంటులోకి ఏడాదిలో 50 వేల రూపాయలకు మించి ఉచితంగా వస్తే, అది అతని ఆదాయంగా లెక్కకు వచ్చి పన్ను పడుతుంది. అంటే మంచి మనసుతో నడిచే కుర్రాడు తన ఫోన్ నంబరు మీద చందా తీసుకుంటే రేపు నోటీసు అతనికే వస్తుంది. ట్రస్టు అకౌంటు వాడటం అతని రక్షణ కోసమే.

రెండు, పన్ను మినహాయింపు. 80జీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు ఇస్తేనే ఆ మినహాయింపు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అది కూడా రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ ఈ మినహాయింపు లేదు. కాబట్టి '80జీ ఉంది' అన్న మాట వినగానే పొంగిపోనక్కర్లేదు, కానీ ఆ సర్టిఫికెట్ ఉంటే సంస్థ కనీసం ఒక రిజిస్టరులో ఉందని అర్థం.

మూడు, గల్ఫ్ పైసలు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్న చుట్టం ట్రస్టుకు పంపితే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. ఈ తేడా తెలియక చిన్న ట్రస్టులు ఇబ్బందుల్లో పడతాయి. ఈ రోజుల్లో ముస్లిం సంస్థ అకౌంటు మీద చూపు ఎక్కువగా ఉంటుందన్నది కమిటీ పెద్దలకు తెలియంది కాదు. లెక్క పక్కాగా ఉంచుకోవడమే దానికి జవాబు.

మసీదు కమిటీలు చేయగలిగింది

ఒక్కో ఇల్లు ఒక్కో వాలంటీరును నిలబెట్టి అడగడం మర్యాదగా ఉండదు, కుదరదు కూడా. ఆ పని కమిటీ చేయగలదు. రంజాన్‌లో మదర్సాల సఫీర్లు వస్తే చాలా మసీదుల్లో వాళ్ల తస్దీఖ్ నామా చూసి, ఆ తర్వాతే జమాత్ ముందు ఏలాన్ చేయనిస్తారు. అదే కట్టుబాటు నడిచొచ్చే యాత్రికుడికీ పెట్టొచ్చు.

సంస్థ పేరు, రిజిస్ట్రేషన్, అకౌంటు ఎవరి పేరు మీద ఉంది, యాత్ర ఖర్చు ఎక్కడిది, చివరికి సొమ్ము ఎవరికి చేరుతుంది. ఈ ఐదు విషయాలు ఒక కాగితం మీద రాయించుకుంటే పది నిమిషాల పని. ఆరు నెలల తర్వాత కమిటీ సెక్రటరీ ఒక ఫోన్ చేసి 'మా ఊరి నుంచి వచ్చింది ఎక్కడ ఖర్చైంది' అని అడిగితే ఇంకా మంచిది. ఆ ఫోన్ వస్తుందని తెలిస్తే అడిగేవాళ్లు కూడా జాగ్రత్తగా ఉంటారు.

మనిషి క్షేమం కూడా కమిటీ చూడాలి. అచ్చంపేట దాటి శ్రీశైలం వైపు వెళ్లేవాళ్లు మన్ననూర్ తర్వాత అమ్రాబాద్ టైగర్ రిజర్వు అడవిలోకి వెళ్తారు. రాత్రి పూట ఆ రోడ్డు మీద బండ్లకే అనుమతి ఉండదు. ఒంటరిగా నడిచే యువకుడిని చీకటి పడ్డాక పంపించకుండా ఆపి, పొద్దున సాగనంపడం చందా కంటే పెద్ద సాయం.

లెక్క అడగడం అంటే అవమానించడం అనుకునే అలవాటు పోవాలి. ఒక తప్పుడు యాత్రకు ఇచ్చి మోసపోయిన వీధి తర్వాత వచ్చే నిజమైన డయాలసిస్ పేషంటుకు తలుపు తీయదు. నష్టపోయేది ఇచ్చినవాడి 100 రూపాయలు కాదు, ఆ పేషంటు వంతు. పోచంపల్లిలో 1951లో ఇచ్చినవాళ్ల మనసు పెద్దది. ఆ మనసుకు తగిన రిజిస్టరు అప్పుడే ఉండి ఉంటే, నాగారం లాంటి కేసులు ఇన్నేళ్ల తర్వాత కోర్టు మెట్లెక్కాల్సిన పని ఉండేది కాదు.